‘ఒరిజినల్ ఏది?’ కవర్ సాంగ్ తగాదాల్లో చిక్కుముడి ఎక్కడుంది

కడపలో మా పిన్నమ్మ కొడుకు పెళ్లి రిసెప్షన్. భోజనాలు రెండో బంతిలో ఉండగా స్టేజీ మీద ఆర్కెస్ట్రా వాళ్లు ‘బంగారు కోడిపెట్ట’ ఎత్తుకున్నారు. ఇంటర్ చదివే మా మేనల్లుడు ఎగిరి గంతేసి, “మామా, మగధీర పాట!” అన్నాడు. పక్కనే పప్పన్నం కలుపుకుంటున్న మా చిన్నాయన చెయ్యి ఆగిపోయింది.

“మగధీర ఏందిరా? ఘరానా మొగుడు! నేను బ్లాకులో టికెట్ కొని చూసినా.”

“అది ఓల్డ్ వర్షన్ తాతా. ఒరిజినల్ ఇదే కదా, బీట్ చూడు.”

ఇద్దరి మాటలోనూ నిజముంది, ఇద్దరిలోనూ పొరపాటుంది. 1992లో ‘ఘరానా మొగుడు’కు బాణీ కట్టింది కీరవాణి. 2009లో ‘మగధీర’లో దాన్ని తిరగగొట్టిందీ కీరవాణే. మొదటిసారి పాడింది బాలు, చిత్ర. రెండోసారి గొంతులు మారాయి, దరువు మారింది. ఆ రాత్రి కీబోర్డు అబ్బాయి ఇంకో పని చేశాడు. మొదలు కొత్త దరువుతో పెట్టి, చరణానికి వచ్చేసరికి పాత పద్ధతిలోకి జారుకున్నాడు. అంటే కడప కల్యాణ మండపంలో ఆ రాత్రి మేం విన్నది ఆ రెండూ కాని మూడోది.

సోషల్ మీడియాలో వారానికొకసారి ఇలాంటి తగాదా పుడుతూనే ఉంటుంది. పాత పాటను ఎవరో గిటార్ పట్టుకుని పాడతారు. కొందరు ప్రాణం పోశారంటారు, కొందరు ప్రాణం తీశారంటారు. మధ్యలో కాపీరైటంటూ ఒకరు దూరతారు. ఈ వాదనల్లో సగానికి సగం ఒకరు ఒక సంగతి మాట్లాడుతుంటే ఇంకొకరు వేరే సంగతి మాట్లాడటం వల్ల వచ్చేవే.

కవర్, రీమిక్స్, ట్రాక్: ఏ మాట దేనికి

ఒకరు పాడి విడుదల చేసిన పాటను ఇంకొకరు తమ గొంతుతో, తమ వాద్యాలతో మళ్లీ పాడితే అది కవర్. మాటలు అవే, బాణీ అదే, పాడినవారు వేరు. అమెరికాలో గ్రామఫోన్ రికార్డుల రోజుల్లోనే ఈ మాట వ్యాపారంలో ఉంది. ఒక కంపెనీ పాట అమ్ముడుపోతోందని తెలియగానే ఇంకో కంపెనీ అదే పాటను తన గాయకుల చేత పాడించి అంగట్లో పెట్టేది.

రీమిక్స్ అసలైన అర్థంలో వేరే పని. పాత రికార్డింగునే తీసుకుని, గొంతు అట్లే ఉంచి, దరువు, వేగం మార్చడం. మన తెలుగు సినిమాలో ఈ రెండూ కలిసిపోయాయి. ‘రచ్చ’లో ‘వాన వానా వెల్లువాయె’ వచ్చినా (మొదట 1991 ‘గ్యాంగ్ లీడర్’), ‘నాయక్’లో ‘శుభలేఖ రాసుకున్నా’ వచ్చినా (మొదట 1990 ‘కొండవీటి దొంగ’), జనం రీమిక్స్ అనే పిలిచారు. కొత్త గొంతులతో కొత్తగా రికార్డు చేసినప్పుడు దాన్ని రీమేక్ పాట అనడమే సరి. అయినా జనం నోట పడ్డ మాటను దిద్దడం ఎవరి తరం?

ట్రాక్ పెట్టి పాడటం, అంటే కరోకే, ఇంకొకటి. వాద్యాలు ముందే రికార్డయి ఉంటాయి, గొంతు ఒక్కటే మనది. అపార్ట్‌మెంటు వినాయకుడి దగ్గర మైకు పట్టుకునే అంకుళ్లంతా ఈ లెక్కలోకే వస్తారు.

కవర్ కానివి కూడా రెండున్నాయి. ఒకటి, ఒకే సంగీత దర్శకుడు తన పాత బాణీకి కొత్త మాటలు వేయించుకోవడం. ఇళయరాజా 1982లో మలయాళ ‘ఓళంగళ్’ కోసం కట్టిన ‘తుంబీ వా’ బాణీ 2009లో హిందీ ‘పా’లో వేరే మాటలతో వినిపించింది. బాణీ ఒకటే గానీ పాటలు రెండు. రెండోది, పల్లవి మాట ఒకటే కావడం. ‘సామజవరగమన’ అనగానే కొందరికి హిందోళంలో త్యాగరాజ కీర్తన గుర్తొస్తే, మా మేనల్లుడికి తమన్ కట్టిన, సిద్ శ్రీరామ్ పాడిన సినిమా పాట గుర్తొస్తుంది. అక్కడ కలిసింది ఎత్తుగడ మాట ఒక్కటే. సిరివెన్నెల రాసిన తక్కిన పాటకూ త్యాగరాజు కీర్తనకూ సంబంధం లేదు. అయినా ఇంటర్నెట్టులో “త్యాగరాజును పాడు చేశారు” అని కోప్పడినవారు ఉన్నారు.

ఒక పాటకు మూడు పొరలు

చిక్కు విప్పాలంటే పాటను ఒకే వస్తువుగా చూడటం మానుకోవాలి. అందులో కనీసం మూడు పొరలున్నాయి. మాటలు ఒకటి, అది రాసినవారిది. బాణీ ఒకటి, అది కట్టినవారిది. ఒక రోజు ఒక స్టూడియోలో ఫలానా గాయకుడు, ఫలానా వాద్యగాళ్లు కలిసి రికార్డు చేసిన ధ్వని ఒకటి, అది చాలాసార్లు మ్యూజిక్ కంపెనీది.

కడప కారం దోసెను తలుచుకోండి. ఎర్రకారం, పప్పుల పొడి, పైన వెన్న అన్న పద్ధతి ఒకటి. ఫలానా బండి దగ్గర, ఫలానా పెనం మీద, ఆ రోజు ఆయన వేసిచ్చిన దోసె ఇంకొకటి. పద్ధతి తెలిసినంత మాత్రాన ఆ దోసె దొరకదు. “ఆ పాటే వేరబ్బా” అని నిట్టూర్చేవారు చాలాసార్లు బాణీ గురించి మాట్లాడటం లేదు, ఆ పెనం గురించి మాట్లాడుతున్నారు. కవర్ పాడినవారేమో తాము పద్ధతి తప్పలేదు కదా అని వాదిస్తారు. పొరలు వేరు కాబట్టి ఆ వాదన తెగదు.

మా చిన్నాయనకు ఘరానా మొగుడు అంటే బాలు గొంతు, ఆ థియేటరు, ఆ వయసు. మేనల్లుడికి మగధీర అంటే దరువు. కీరవాణి బాణీ ఇద్దరికీ ఒకటే. దాని మీద ఇద్దరికీ పేచీ లేదు.

తాళ్లపాక చిక్కు: మొదటి బాణీ లేని పాటలు

రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య (1408–1503) ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. తిరుమల గుడిలోని అరలో రాగిరేకుల మీద భద్రపరచినవి 1920ల్లో వెలుగులోకి వచ్చాయి. అలా మనకు దక్కినవి పన్నెండు వేలకు పైనే. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరుంది. స్వరాలు మాత్రం లేవు. అన్నమయ్య ఎలా పాడాడో వినే దారి లేదు.

మరి మనం సుప్రభాతం వేళ వింటున్నవి ఎవరి బాణీలు? చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులవి. ఆ పనికి మొదట పూనుకున్నవారిలో ముఖ్యుడు మన అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ. 1950 ప్రాంతంలో తిరుపతి చేరి, రేకుల్లోని సాహిత్యాన్ని పరిష్కరించి, నూరుకు పైగా కీర్తనలకు స్వరం కట్టారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి వచ్చారు. ‘నానాటి బతుకు నాటకము’ను రేవతి రాగంలో ఆయన కట్టిన తీరు ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో ఇల్లిల్లూ చేరింది. ఆపైన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వందల కీర్తనలకు బాణీలు కట్టారు. రేకు మీద ఒక రాగం పేరుంటే ఇప్పుడు ఇంకో రాగంలో పాడుకోవడమూ ఉంది.

కాబట్టి “అన్నమయ్య పాటను ఆ ట్యూన్‌లో పాడటమేంది, ఒరిజినల్ పోయింది” అనేవారు తలుచుకునే ఒరిజినల్ వయసు మహా అయితే ఏడెనిమిది పదులే. ఇది వెక్కిరింపు కాదు. వందల ఏళ్లు మూగగా ఉన్న మాటలకు గొంతు దొరికినప్పుడు ఆ గొంతే మొదటిదిగా మనసులో నాటుకుపోవడం సహజం. నాకూ ఆ కీర్తన రేవతిలో కాక వేరే రాగంలో వినిపిస్తే చెవి ఒప్పుకోదు. అది నా చెవి అలవాటేనని మాత్రం నాకు తెలుసు.

2022లో ఒక సినీ గాయని అన్నమయ్య శృంగార కీర్తనొకటి పాడి వీడియో పెట్టినప్పుడు పెద్ద రగడే జరిగింది. తాళ్లపాక వంశీకులు అభ్యంతరం చెప్పారు. గమనించాల్సిందేమంటే, అప్పటి గొడవ ప్రధానంగా పాడిన తీరు మీద కాదు, పాటకు పెట్టిన దృశ్యాల మీద. స్వామివారి కోసం రాసిన మాటలకు ఒక మామూలు మనిషి అందాన్ని జోడించారన్నది ఒక పక్షం. శృంగార కీర్తనకు అందం చూపించడంలో తప్పేముందన్నది రెండో పక్షం. ఇది మూడు పొరలకూ బయట ఉన్న నాలుగోది. పాట ఎక్కడ, ఎవరి కోసం, ఏ సందర్భంలో అన్నది. భక్తి పాటల విషయంలో దీని బరువు మిగతా మూడింటికంటే ఎక్కువ. సినిమా పాట విషయంలో ఎవరూ అంతగా పట్టించుకోరు.

కడప పెద్ద దర్గాలో ఉరుసు రాత్రి కవ్వాలీ వినండి. శతాబ్దాల నాటి కలామును, అంటే సూఫీ కవితను, ఒక బృందం తర్వాత ఇంకో బృందం ఎత్తుకుంటుంది. ఒకరు పావుగంట పాడింది ఇంకొకరు ముప్పావుగంట సాగదీస్తారు. అక్కడ కవర్ అన్న మాటే పుట్టదు. కోవెలకుంట్ల పక్క ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద జనం పాడుకున్న ‘సైరా’ పాట సంగతీ అంతే. 1847లో ఆయనను ఉరి తీసినప్పటి కథను తరాలుగా పాడుతూ వచ్చారు. ఎవరు కట్టారని అడిగితే ‘మావోళ్లు’ అంటారు. రాసినవారి పేరు, రికార్డు, తేదీ మూడూ ఉన్న చోటే కవర్ అన్న ఆలోచన నిలబడుతుంది. అంటే గ్రామఫోను వచ్చాకే.

చట్టం ఏమంటుంది: తేదీలతో లెక్క

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. అది పైన చెప్పిన పొరలను విడివిడిగానే చూస్తుంది. మాటలకు, బాణీకి రచయిత బతికినంత కాలం, చనిపోయాక ఇంకో 60 ఏళ్లు హక్కుంటుంది. రికార్డింగుకు విడుదలైన ఏడాది దాటిన తర్వాత 60 ఏళ్లు.

ఒక లెక్క వేద్దాం. ‘మాయాబజార్’ 1957లో వచ్చింది. దాని పాటల రికార్డింగు హక్కు 2017 చివరితో తీరిపోయింది. కానీ మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు. ఆయన మాటల హక్కు 2031 చివరి దాకా ఉంటుంది. బాణీ కట్టినవారి లెక్క మళ్లీ వేరే. కాబట్టి “పాత పాటే కదా, ఎవడిదీ కాదు” అనుకుని పాడినవారు ఒక పొర విషయంలో ఒప్పు, ఇంకో పొర విషయంలో తప్పు.

ఇంకో లెక్క. అన్నమయ్య సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు, అది అందరిదీ. రాళ్లపల్లివారు 1979లో పోయారు. ఆయన కట్టిన బాణీకి 2039 చివరి వరకు కాపీరైటు వర్తిస్తుంది. ఆ బాణీలో ఒక కంపెనీ తీసిన రికార్డుకు దాని సొంత తేదీ. ఒకే కీర్తనకు మూడు లెక్కలు. మీరే కొత్త బాణీ కట్టి పాడితే ఈ మూడింటితోనూ పనిలేదు.

కవర్ల కోసమే చట్టంలో ఒక తలుపుంది. సెక్షన్ 31సి. 2012 సవరణతో వచ్చింది. పాట మొదటిసారి రికార్డయిన ఏడాది ముగిశాక అయిదు పూర్తి సంవత్సరాలు గడిస్తే, ముందుగా నోటీసిచ్చి, రాయల్టీ ముందే కట్టి, యజమాని ఒప్పుకోకపోయినా కవర్ చేసుకోవచ్చు. 2021 జూలైలో రికార్డయిన పాటనుకోండి. లెక్క 2022 జనవరి నుంచి మొదలై 2026 డిసెంబరుతో ముగుస్తుంది. తలుపు తెరుచుకునేది 2027 జనవరిలో.

తలుపు చిన్నది, గడప ఎత్తు. కనీసం 50 వేల కాపీలకు రాయల్టీ కట్టాలి. అది కవర్ అని అట్ట మీద రాయాలి. మొదట పాడినవారి పేరు గానీ బొమ్మ గానీ వాడుకోకూడదు. అన్నిటికంటే పెద్ద షరతు, మాటలోగానీ బాణీలోగానీ సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప మార్పు చేయకూడదు. హక్కుదారు ఒప్పుకుంటే అది వేరే సంగతి.

ఈ గడప ఇంత ఎత్తు పెరగడానికి వెనక ఒక కథ ఉంది. 2012కు ముందు ఈ గడువు రెండేళ్లే. 1980ల్లో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ పాత చట్టంలోని కవర్ వెసులుబాటును పట్టుకుని పాత హిందీ హిట్లను కొత్త గాయకులతో పాడించి చవక క్యాసెట్లుగా దేశమంతా పరిచింది. వర్షన్ రికార్డింగ్ అనేవారు వాటిని. ఒక వాదన ప్రకారం రికార్డు కొనే స్తోమత లేని ఇంటికి పాట చేరింది, ఎందరో కొత్త గాయకులకు పని దొరికింది. ఎదుటి వాదన ప్రకారం ఇంకొకరు చెమటోడ్చిన పాటను చవగ్గా అమ్ముకున్నారు, కొన్నవాడికి ఏది ఏదో తెలియలేదు. రెండూ జరిగాయి. అట్ట మీద ‘కవర్’ అని రాయాలన్న నిబంధన ఈ రెండో బాధకు మందు.

పెళ్లికి ఒక రూలు, టికెట్టు షోకు ఒక రూలు

మా పిన్నమ్మ కొడుకు పెళ్లిలో ఆర్కెస్ట్రాకు లైసెన్సు కావాలా? అక్కర్లేదు. చట్టంలోని సెక్షన్ 52 పెళ్లి ఊరేగింపును, పెళ్లికి సంబంధించిన వేడుకలను, నిజమైన మతపరమైన కార్యక్రమాలను మినహాయించింది. హోటళ్ల దగ్గర పెళ్లివారి నుంచి డబ్బులు అడుగుతున్నారన్న ఫిర్యాదులు వచ్చాక 2023 జూలైలో కేంద్రం ఈ మాటను మళ్లీ ఒక ప్రకటనతో గుర్తుచేసింది.

అదే ఆర్కెస్ట్రా డిసెంబరు 31 రాత్రి కర్నూలులో ఒక హోటల్లో టికెట్టు పెట్టి పాడిందనుకోండి. అప్పుడు మాటలకు, బాణీకి అనుమతి కావాలి. ఆ రెంటి తరఫున వసూలు చేసేది ప్రధానంగా ఐపీఆర్ఎస్ అనే సంఘం. ఆర్కెస్ట్రాను మాన్పించి డీజేను పెడితే ఆయన రికార్డింగునే వాయిస్తాడు కాబట్టి మూడో పొర కూడా తగులుతుంది. రికార్డింగుల తరఫున పీపీఎల్ లాంటి సంస్థలు వేరే ఉన్నాయి. మనిషి పాడితే రెండు పొరలు, పెట్టె పాడితే మూడు.

యూట్యూబులో కవర్ పెట్టేవారి సంగతి ఇంకా విచిత్రం. అక్కడ ముందు పలకరించేది చట్టం కాదు, యంత్రం. మీరు ఎక్కించిన ధ్వనిని తన దగ్గరున్న నమూనాలతో పోల్చి చూస్తుంది. పోలిక దొరికితే హక్కుదారు దాన్ని ఆపించవచ్చు, ప్రకటనల డబ్బు తనవైపు తిప్పుకోవచ్చు, ఊరికే గమనిస్తూ ఉండవచ్చు. చాలా కవర్లు బతికి బట్టకట్టేది రెండో దారిలో. పాడిన పిల్లకు పేరొస్తుంది, డబ్బు కంపెనీకి పోతుంది. మా వీధిలో ఒక అమ్మాయి ఇదే అంటుంది: “పేరొస్తే చాల్లే అన్నా, ప్రోగ్రాంలు వస్తాయి.”

తాను పాడిన పాటే తాను పాడకూడదా

2017 మార్చిలో జనాన్ని బాగా కలవరపెట్టిన సంగతి ఇది. అమెరికాలో కచ్చేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంకు ఇళయరాజా తరఫున లాయరు నోటీసు వచ్చింది. తన పాటలు అనుమతి లేకుండా పాడకూడదని. బాలు ఆ సంగతి ఫేస్‌బుక్‌లో చెప్పి, చట్టాన్ని గౌరవిస్తామని, మిగతా కచ్చేరీల్లో వేరే పాటలు పాడతామని రాశారు.

“ఆయన పాడిన పాట ఆయన పాడుకోకూడదా?” అని అనంతపురం క్లాక్ టవర్ దగ్గర టీ కొట్లో కూడా వాదన నడిచింది. పొరలుగా చూస్తే అడ్డుముడి కొంత వీడుతుంది. వేలమందికి టికెట్లమ్మిన కచ్చేరీలో వాడుకునేది మాటలూ బాణీ. బాలు గొంతు బాలుదే. బాణీ ఆయనది కాదు. ఇళయరాజా పక్షం చెప్పింది అదే. వ్యాపార కచ్చేరీ కాబట్టి కట్టినవాడికి భాగముండాలని. రెండో పక్షం చెప్పేదీ కొట్టిపారేసేది కాదు. ఆ బాణీ జనం గుండెలోకి వెళ్లిన దారి ఆ గొంతే. పైగా సినిమా పాట హక్కు నిర్మాతదా, కంపెనీదా, సంగీత దర్శకుడిదా అన్నది ఒక్కో సినిమా ఒప్పందాన్ని బట్టి మారుతుంది. చట్టం ఒకవైపు మొగ్గినా మనసు ఇంకోవైపు మొగ్గడం నాకు తప్పుగా తోచదు. 2019లో ఇద్దరూ మళ్లీ ఒకే వేదికెక్కారు.

అమెరికాలో ఇదే హక్కు ఒకామెను కాపాడిన కథ చెప్తారు. 1974లో విడుదలైన ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ను రాసి పాడింది డాలీ పార్టన్. ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడు. అయితే పాట హక్కుల్లో సగం ఇవ్వాలని అతని మేనేజరు షరతు పెట్టాడు. ఆమె కష్టంగానే కాదంది. 1992లో విట్నీ హ్యూస్టన్ దాన్ని పాడినప్పుడు ప్రపంచమంతా మోగిపోయింది. పాడింది విట్నీయే అయినా రాసినామె హక్కు చెక్కుచెదరకుండా డాలీ దగ్గరే ఉంది.

మరి కొన్ని కవర్లు ఎందుకు నచ్చుతాయి

విట్నీ పాటనే తీసుకోండి. డాలీది గిటారు మీద నెమ్మదిగా, పక్కన కూర్చుని చెప్పినట్టుండే పాట. విట్నీ దాన్ని వాద్యమే లేకుండా, ఒట్టి గొంతుతో మొదలుపెట్టింది. శ్రోత ఊపిరి బిగబట్టాక వాద్యాలు ఒక్కొక్కటే వస్తాయి. చివర్లో ఒక దరువు, ఆ తర్వాత శ్రుతి పెరుగుతుంది. మాటలు మారలేదు. మాట చెప్పే మనిషి మారింది.

ఇంతకంటే నాకు ఇష్టమైనది జానీ క్యాష్ పాడిన ‘హర్ట్’. నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బృందం కోసం ట్రెంట్ రెజ్నర్ దాన్ని ఇరవైల్లో ఉండగా రాశాడు, 1994లో వచ్చింది. తన్ను తాను తినేసుకునే కుర్రవాడి బాధ అది. 2002లో డెబ్బై ఏళ్ల క్యాష్ ఒక గిటారు, ఒక పియానోతో పాడాడు. గొంతు వణుకుతోంది. మరుసటి ఏడాదే పోయాడు. కుర్రవాడి మాటలే ముసలాయన నోట పడేసరికి ఒక జీవితకాలపు లెక్క అప్పజెప్పినట్టు వినిపించాయి. ఆ పాట ఇక తనది కాదనిపించిందని రెజ్నరే ఒప్పుకున్నాడు.

ఇక్కడే చట్టానికీ చెవికీ పొసగదు. చెవికి నచ్చే కవర్లు చాలామట్టుకు ఏదో ఒకటి గట్టిగా మార్చినవి. వేగమో, వాద్యమో, వయసో, ఒక మాటో. మన 31సి తలుపు మాత్రం మాటనూ బాణీనీ కదిలించనివారికే తెరుచుకుంటుంది. మార్చదలచినవాడు యజమాని ఇంటి తలుపే తట్టాలి. రచయిత పక్షాన ఆలోచిస్తే అది న్యాయమే. తన మాటను చెడగొట్టకుండా ఆపే హక్కు అతనికి లేకపోతే ఎవరికుంటుంది? వినేవాడి పక్షాన ఆలోచిస్తే, నకలుకు దారిచ్చి కొత్తదనానికి గొళ్లెం పెట్టినట్టుంటుంది.

నచ్చని కవర్ల విషయంలో ఒక కారణం మన లోపలే ఉంది. మళ్లీమళ్లీ చూసినదాని మీద, విన్నదాని మీద మనిషికి ఇష్టం పెరుగుతుందని 1968లో రాబర్ట్ జయాంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగాలతో చూపించాడు. పదిహేనేళ్ల వయసులో వెయ్యిసార్లు విన్న పాటకు ఇంకో గొంతు పోటీకొస్తే ఓడిపోయేది ఎవరో చెప్పక్కర్లేదు.

అన్నీ అలవాటు మీదికే తోసేయలేం. పాటలోని మెలకువలు తెలియకుండా పాడితే చెవికి పట్టుబడుతుంది. సుశీల ఒక అక్షరం మీద సన్నగా ఊపిన గమకాన్ని తిన్నగా గీత గీసినట్టు పాడితే స్వరం తప్పదు, రాగం మాత్రం పలచబడుతుంది. తబలా, ఢోలక్ ఇచ్చే సన్నని తూగును తీసేసి కంప్యూటరు దరువు పెడితే లెక్క సరిగ్గానే ఉంటుంది, నడక పోతుంది. నాకు అస్సలు పడనివి విషాద గీతాన్ని ‘లోఫై’ పేరుతో నీళ్లలో నానబెట్టినట్టు సాగదీసేవి. ఏడుపూ ఉండదు, పాటా ఉండదు.

హక్కు ఉన్నా ఒప్పు కాని పాటలు

2009లో ‘ఢిల్లీ-6’ కోసం ఎ.ఆర్. రెహమాన్ కట్టిన ‘మసక్కలీ’కి 2020 ఏప్రిల్‌లో కంపెనీయే కొత్త రూపం విడుదల చేసింది. హక్కులు కంపెనీవే, చట్టం ప్రకారం ఎవరూ వేలెత్తి చూపలేరు. రెహమాన్ మాత్రం ఒరిజినల్ వినండని ట్వీట్ చేస్తూ, ఆ పాట వెనక ఏడాది పొడవునా జరిగిన మథనాన్ని, 200 మందికి పైగా సంగీతకారుల శ్రమను గుర్తుచేశారు. కడప దర్గాకు తరచూ వచ్చిపోయే, మాట తక్కువ మనిషిగా మనకు తెలిసిన ఆయన అంత మాట అనడమే వార్తయింది.

‘బంగారు కోడిపెట్ట’ మీద అలాంటి రభస ఎందుకు కాలేదు? కట్టినవాడే మళ్లీ కట్టాడు. మొదట ఆడిన చిరంజీవి కొత్త పాటలోనూ కాసేపు కనిపించాడు. కుటుంబంలో ఆస్తి పంపకంలాగా జరిగిపోయింది. అందరికీ నచ్చిందని కాదు, మా చిన్నాయనను అడగండి. కానీ పరాయివాడు చెయ్యి పెట్టాడన్న రోషం లేదు.

గొంతే నకలైతే

ఇప్పుడు ఈ మూడు పొరల లెక్కను తలకిందులు చేసేది ఒకటి వచ్చింది. కృత్రిమ మేధతో చనిపోయినవారి గొంతును తయారు చేయడం. 2023లో వచ్చిన ‘కీడా కోలా’లో బాలు గొంతును ఇలా వాడారని, కుటుంబాన్ని అడగలేదని ఆయన కొడుకు చరణ్ నోటీసు పంపడం 2024 మొదట్లో వార్తల్లోకెక్కింది. అదే రోజుల్లో తమిళ ‘లాల్ సలామ్’లో రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులతో పాట చేశారు. కుటుంబాల అనుమతి తీసుకున్నామని, డబ్బు కూడా ఇచ్చామని చెప్పారు.

చట్టంలో గాయకుడి ప్రదర్శనకు 50 ఏళ్ల హక్కుంది. కానీ అది ఆయన పాడిన పాట మీద. ఆయన ఎన్నడూ పాడని పాటను ఆయన గొంతులాంటి గొంతు పాడితే ఏ పొర కిందికి వస్తుంది? మాట కొత్తది, బాణీ కొత్తది, రికార్డు కొత్తది. పాతది ఒక్క గొంతే. దాని కోసం మన కాపీరైట్ చట్టంలో విడిగా ఒక గది కట్టలేదు.

పెళ్లయిన నాలుగో రోజు మా మేనల్లుడు ఫోన్లో ఏదో యాప్ పెట్టి, చిన్నాయన వాయిస్ మెసేజీలతో ఆయన గొంతు తయారుచేసి, దాంతో ‘బంగారు కోడిపెట్ట’ పాడించి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పాత దరువుతోనే. చిన్నాయన రెండుసార్లు విని ఫోను బల్ల మీద పెట్టేశాడు.

“నేనెప్పుడు ఇంత శ్రుతిలో పాడినా?” అన్నాడు.

మేనల్లుడి దగ్గర జవాబు లేదు. సాయంత్రం చూస్తే చిన్నాయన దాన్నే తన స్టేటస్‌గా పెట్టుకుని ఉన్నాడు.